వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేశాను, బ్రేక్ పైపు కారుతోంది, పెడల్ మెత్తగా ఉంది (1968 ముస్టాంగ్)

ముస్టాంగ్68_డల్లాస్
మూడు వారాలుగా శని, ఆదివారాలు ఇదే పని. 1968 ముస్టాంగ్, 289 క్యూబిక్ అంగుళాల ఇంజిను, వెనక 8 అంగుళాల యాక్సిల్. ముందు చక్రాలకు డిస్కులు పాత ఓనరే వేయించాడు. వెనక 10 అంగుళాల డ్రమ్ములు ఊడదీసి, కిట్ కొని డిస్కులు బిగించాను. బ్రాకెట్లు, రోటర్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కులు), కాలిపర్లు (ప్యాడ్లతో వాటిని నొక్కిపట్టేవి) అన్నీ చక్కగా కూర్చున్నాయి. గొడవంతా పైపుల దగ్గరే.

కిట్‌లో వచ్చిన రబ్బరు హోస్‌లు యాక్సిల్ మీదున్న పాత స్టీలు పైపులకు అందలేదు. పార్ట్స్ షాపులో రెడీమేడ్ పైపు ముక్కలు రెండు కొని, వంచి బిగించాను. కుడి పక్క జాయింటు దగ్గర చెమ్మ వస్తోంది. నట్టు ఇంకాస్త బిగించాను, ఆగలేదు. టెఫ్లాన్ టేపు చుట్టాను, ఒకరోజు ఆగింది, మళ్లీ చెమ్మ. దీనికి తోడు పైపుల్లోంచి నాలుగుసార్లు గాలి తీసినా పెడల్ స్పాంజిలా సగం దాకా దిగిపోతోంది. బ్రేక్ ఆయిల్ రెండు సీసాలు అయిపోయింది.

వచ్చే నెల నాన్నగారు ఇండియా నుంచి వస్తున్నారు. ఆయన్ని ఈ బండిలోనే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకురావాలని నా కోరిక. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్
ముందు ఆ టేపు పీకెయ్యి తమ్ముడూ. మిగతావి తర్వాత.

కుళాయి పైపులో నీళ్లు థ్రెడ్డు దగ్గర ఆగుతాయి, అందుకే అక్కడ టేపు చుడతాం. బ్రేక్ పైపులో ఆయిల్‌ని ఆపేది థ్రెడ్డు కాదు. పైపు చివర గరాటులా విప్పుతామే, ఆ ఫ్లేర్ వెళ్లి లోపలి సీటు మీద అతుక్కుని ఆపుతుంది. నట్టు పని దాన్ని అదిమి పట్టడమే. టేపు చుట్టావంటే నట్టు చివరిదాకా బిగియదు, పైగా టేపు పీలికలు ఊడి లోపలికి పోయి కాలిపర్‌లోనో, మాస్టర్ సిలిండర్‌లోనో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) అడ్డం పడతాయి. ఆ రెండు పైపులూ విప్పి, హోస్‌లు కూడా విప్పి, లోపల ముక్కలేమైనా ఉన్నాయేమో చూసుకో. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ సన్నటి పైపులో ఒత్తిడి వెయ్యి పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటుతుంది. అక్కడ టేపు ఏం ఆపుతుంది?

డ్రమ్ములే_చాలు
అసలు మార్చడం ఎందుకు? బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వంగుతుంది, పనంతా ముందు చక్రాలదే. ముందు డిస్కులున్నప్పుడు వెనక డ్రమ్ములు హాయిగా సరిపోతాయి. నేను ఇరవై ఏళ్లు అంబాసిడర్ నడిపాను. ఉత్తరపార ఫ్యాక్టరీ 2014లో మూతపడే వరకూ ఆ కారు వెనక చక్రాలకు డ్రమ్ములే.

శ్రీకాకుళం_జీపు
డ్రమ్ములే_చాలు గారూ, వంశధారకి వరదొచ్చినప్పుడు రోడ్డు మీది నీళ్లలోంచి జీపు బయటికి తెచ్చి చూడండి. తడిసిన డ్రమ్ము పెడల్ ఎంత తొక్కినా జారిపోతుంది. అర కిలోమీటరు కాలు పెడల్ మీద ఆనించి నడిపితే గానీ ఆరదు. డిస్కు అయితే రెండు తిరుగుళ్లలో నీళ్లు విదిలించేస్తుంది.

డ్రమ్ములే_చాలు
అది నిజమే, కాదనను. కానీ డల్లాస్‌లో వంశధార లేదుగా.

గోదారి_గేర్‌బాక్స్
డల్లాస్‌లో వాన పడితే మీరు చూడలేదన్నమాట :) సరే, పాయింటుకొద్దాం.

న్యూజెర్సీ_నట్టుబోల్టు
ముస్టాంగ్ బ్రో, ఒక ప్రశ్న. షాపులో కొన్న పైపు నట్టుని కిట్ హోస్‌లో పెట్టి చేత్తో తిప్పినప్పుడు ఎలా అనిపించింది? సాఫీగా బిగుసుకుందా, కాస్త లొడలొడలాడిందా?

ముస్టాంగ్68_డల్లాస్
లొడలొడలాడింది. చాలా సులువుగా లోపలికి పోయింది, భలే కుదిరిందే అనుకున్నాను. తర్వాత స్పానర్‌తో బిగిస్తే పట్టింది.

న్యూజెర్సీ_నట్టుబోల్టు
దొరికింది. అది నీ పైపు తప్పు కాదు, రెండు దేశాల కొలతల తగాదా.

నీ కారు 1968 నాటి అమెరికా బండి. 3/16 అంగుళాల పైపు, దాని నట్టు 3/8-24, అంటే అంగుళానికి 24 థ్రెడ్లు. కిట్‌లో కాలిపర్లూ, హోస్‌లూ ఇప్పటి కార్లవి, మెట్రిక్. వాటి నట్టు ఎం10, పిచ్ (థ్రెడ్డుకీ థ్రెడ్డుకీ మధ్య దూరం) 1.0 మిల్లీమీటరు. పక్కపక్కన పెడితే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. కానీ 3/8 నట్టు లావు 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. పిచ్‌లో తేడా కూడా మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. అందుకే చిన్న నట్టు పెద్ద రంధ్రంలో హాయిగా తిరుగుతుంది, నాలుగు చుట్లు పోయాక పట్టినట్టు ఉంటుంది. పట్టేది థ్రెడ్డు మొత్తం కాదు, అంచులు మాత్రమే. ఎప్పుడో ఒకరోజు గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఊడి వచ్చేస్తుంది. నువ్వు ఇంకా రోడ్డెక్కలేదు కదా?

ముస్టాంగ్68_డల్లాస్
గ్యారేజీలోంచి ఇంటి ముందు దాకా తీసి మళ్లీ లోపల పెట్టాను, అంతే. ఇది చదివాక చేతులు చల్లబడ్డాయి.

కాంటెస్సా_అక్క
టెన్షన్ పడకు తమ్ముడూ. చెమ్మ కనబడింది, నువ్వు ఆగి అడిగావు. అదే మంచి పని. పిచ్ గేజ్ చవగ్గానే దొరుకుతుంది, కొని ప్రతి నట్టూ కొలిచి రాసిపెట్టుకో.

థ్రెడ్డుతో పాటు ఫ్లేర్ కూడా చూడాలి. పాత అమెరికన్ పైపుకి డబుల్ ఫ్లేర్ ఉంటుంది. అంటే పైపు చివర లోపలికి మడిచి 45 డిగ్రీల గరాటులా ఉంటుంది. దాన్ని పట్టుకునే పోర్టు లోపల చిన్న శంకువు పైకి పొడుచుకుని ఉంటుంది. మెట్రిక్ దానికి బబుల్ ఫ్లేర్. పైపు చివర ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది, పోర్టు లోపల శంకువు ఉండదు, గుంట ఉంటుంది. గరాటు తీసుకెళ్లి గుంటలో పెడితే ఎంత బిగించినా సీలు కాదు. టార్చిలైటు వేసి నీ హోస్ లోపలికి చూసి చెప్పు.

ముస్టాంగ్68_డల్లాస్
ఇప్పుడే చూసి వచ్చాను. హోస్ లోపల గుంటే ఉంది. యాక్సిల్ మీది టీ జాయింటులో శంకువు ఉంది. గేజ్ ఇంకా రాలేదు గానీ షాపులో ఎం10 నట్టు అడిగి హోస్‌లో పెట్టి చూశాను. చివరిదాకా చేత్తోనే నిండుగా తిరిగింది, ఊపితే కదల్లేదు.

ఆటోనగర్_బాబాయ్
అయితే పైపు ఒక చివర 3/8-24 నట్టు, డబుల్ ఫ్లేర్. రెండో చివర ఎం10 నట్టు, బబుల్ ఫ్లేర్. అలాంటి పైపులు రెండు చేసుకో, పని అయిపోతుంది. ఫ్లేర్ కొట్టే ముందు నట్టు పైపులోకి ఎక్కించడం మరిచిపోకు, ఏ దిక్కుకి ఎక్కించావో కూడా చూసుకో. మా షెడ్డులో కొత్త కుర్రాళ్లందరూ మొదటి వారంలో ఇది మర్చిపోయి పైపు కోసి పారేసినవాళ్లే.

పాతఇనుము
అడాప్టర్లు దొరుకుతాయి కదా? ఒక వైపు అంగుళాలు, ఒక వైపు మెట్రిక్. అంత కష్టం ఎందుకు?

న్యూజెర్సీ_నట్టుబోల్టు
దొరుకుతాయి, మంచివి వాడితే తప్పు లేదు. కానీ ప్రతి అడాప్టరూ ఇంకో జాయింటు, కారడానికి ఇంకో చోటు. రెండు నట్లు మారిస్తే పోయేదానికి రెండు జాయింట్లు పెంచుకోవడం నాకు నచ్చదు.

సైకిల్‌షాపు_సుందరం
మా ఊళ్లో ఇలాంటప్పుడు పైపు మధ్యలో కోసి, ఫెర్రూల్ (పైపు చుట్టూ అదిమి పట్టే ఉంగరం) ఉన్న జాయింటు వేసి బిగిస్తారు. పది నిమిషాల పని.

ఆటోనగర్_బాబాయ్
బ్రేకు పైపులో ఫెర్రూల్ జాయింటు వేయొద్దు సుందరం గారూ. ఎవరు వేసినా ఒప్పుకోవద్దు.

చాలా ఏళ్ల కిందటి మాట. మా దగ్గరికి ఒక వ్యాను వచ్చింది. వేరే ఎక్కడో పైపు తెగితే ఫెర్రూల్‌తో అతికి పంపారు. ఘాట్ రోడ్డు దిగుతుండగా పైపు జారి బయటికి వచ్చేసింది. డ్రైవరు గేర్లు తగ్గించుకుంటూ, హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని కొండ వైపు మట్టిలోకి ఎక్కించి ఆపాడు. లోపల పెళ్లివాళ్లు పదకొండు మంది. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏం కాలేదు. ఆ ఫెర్రూల్ ముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు అదే చూపిస్తాను.

సైకిల్‌షాపు_సుందరం
తెలియక చెప్పాను బాబాయ్. ఇంకెవరికీ చెప్పను.

ముస్టాంగ్68_డల్లాస్
పైపు ఏ రకం కొనాలి? స్టీలా, రాగా, స్టెయిన్‌లెస్సా?

వైజాగ్_ఉప్పుగాలి
మాది బీచ్ రోడ్డుకి దగ్గర. మామూలు స్టీలు పైపు ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేస్తుంది. అందుకే నా ప్రీమియర్ పద్మిని కారుకి రాగి-నికెల్ పైపు వేసుకున్నాను. రాగి 90, నికెల్ 10 పాళ్లు. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, ఫ్లేర్ మొదటిసారికే అందంగా వస్తుంది.

పాతఇనుము
ఫ్రిజ్ రిపేరు వాళ్ల రాగి పైపు వాడొచ్చా? అదీ మెత్తగా ఉంటుంది.

వైజాగ్_ఉప్పుగాలి
వద్దు. ఒట్టి రాగి అదురుకి రోజురోజుకీ గట్టిపడి చివరికి ఫ్లేర్ మెడ దగ్గర చిట్లుతుంది. రంగు చూసి మోసపోకూడదు, బ్రేకు పైపని అమ్మే రాగి-నికెలే కొనాలి. స్టెయిన్‌లెస్ చూడ్డానికి బాగుంటుంది గానీ బాగా గట్టిది. ఇంట్లో ఉండే చిన్న ఫ్లేరింగ్ టూల్‌తో డబుల్ ఫ్లేర్ కొడితే అంచు పగులుతుంది.

గోదారి_గేర్‌బాక్స్
హోస్ ఎందుకసలు? వెనక యాక్సిల్ ఒకే కడ్డీ కదా, కాలిపర్ కూడా దాని మీదే ఉంటుంది. పైపునే నేరుగా కాలిపర్‌లోకి బిగిస్తే రెండు జాయింట్లు తగ్గుతాయి.

కాంటెస్సా_అక్క
కాలిపర్ కదలనిదైతే మీ మాట సరే. ఈ కిట్లలో ఎక్కువగా వచ్చేది ఫ్లోటింగ్ కాలిపర్, పిస్టన్ ఒక పక్కే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా ఒళ్లు పక్కకు జరుగుతుంది, ప్యాడ్లు అరిగేకొద్దీ ఇంకా జరుగుతుంది. గట్టి పైపు పెడితే రోజూ కొంచెం కొంచెం వంగి మెడ దగ్గర విరుగుతుంది. యాక్సిల్‌కి క్లిప్పుతో పట్టించిన పైపు, అక్కడి నుంచి కాలిపర్‌కి పొట్టి హోస్, బాంజో బోల్టు (ఆయిల్ పోవడానికి లోపల రంధ్రం ఉన్న బోల్టు). బోల్టుకి రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు. పాత వాషర్ మళ్లీ వాడొద్దు.

ముస్టాంగ్68, నీది పెడల్ మెత్తగా ఉందన్నావు. నువ్వు ఎన్ని సీసాలు పోసినా లాభం లేకపోవడానికి నాకు ఇంకో అనుమానం ఉంది. కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ పైన ఉందా, కింద ఉందా?

ముస్టాంగ్68_డల్లాస్
కిందే ఉంది అక్కా. రెండు పక్కలా కిందే.

కాంటెస్సా_అక్క
కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టావు. నా కాంటెస్సా కారుకి నేనూ అదే చేశాను. రెండు రోజులు మా ఆయన పెడల్ తొక్కుతూనే ఉన్నారు, నేను నిపుల్ తిప్పుతూనే ఉన్నాను. గాలి పైకి చేరుతుంది. నిపుల్ కింద ఉంటే ఆయిల్ బయటికి పోతుంది, గాలి పైన తిష్ఠ వేసుకుని అలాగే ఉంటుంది. రెండూ మార్చి బిగించు. బ్రాకెట్ ఒప్పుకోకపోతే గాలి తీసేటప్పుడు కాలిపర్ బ్రాకెట్ నుంచి విప్పి, ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టి, నిపుల్ ఆకాశం వైపు తిప్పి పట్టుకుని తియ్యి.

ముస్టాంగ్68_డల్లాస్
ఈ సంగతి కిట్ కాగితంలో ఎక్కడా లేదు. ఫొటో కూడా లేదు.

న్యూజెర్సీ_నట్టుబోల్టు
గాలి తీసే వరుస కూడా చూసుకో. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన ఇండియా కార్లకు స్టీరింగు కుడి పక్క కాబట్టి వెనక ఎడమ ముందు వస్తుంది. నీది ఎడమ స్టీరింగు, వెనక కుడి ముందు. హైదరాబాద్‌లో నేర్చుకుని ఇక్కడ చేసేవాళ్లు ఇక్కడ తడబడతారు.

ఇంకోటి. వెనక రెండు చక్రాలూ జాకీ మీద లేపి, పెడల్ తొక్కి వదిలాక చేత్తో తిప్పి చూడు. సులువుగా తిరుగుతున్నాయా?

ముస్టాంగ్68_డల్లాస్
(రెండు రోజుల తర్వాత)
కాలిపర్లు మార్చాను, కొత్త పైపులు చేశాను. మొదటి రెండు ఫ్లేర్లు పక్కకు ఒరిగాయి, కోసేసి మళ్లీ కొట్టాను. ఇప్పుడు పెడల్ పైనే గట్టిగా ఆగుతోంది! చెమ్మ లేదు. కానీ మీరడిగిన మాట... చక్రాలు తిప్పితే ప్యాడ్లు పట్టుకుని ఉన్నాయి. పెడల్ వదిలినా వదలడం లేదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఊడదీసి చూశాను, అయినా అంతే.

న్యూజెర్సీ_నట్టుబోల్టు
మాస్టర్ సిలిండర్ పాతదే కదా, వెనక డ్రమ్ములకని చేసింది?

ముస్టాంగ్68_డల్లాస్
అవును.

న్యూజెర్సీ_నట్టుబోల్టు
అదీ సంగతి. డ్రమ్ములకి వెళ్లే పోర్టులో, ఇత్తడి సీటు వెనక చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది, రెసిడ్యువల్ వాల్వు. పెడల్ వదిలాక కూడా లైనులో 10 పీఎస్‌ఐ దాకా మిగుల్చుతుంది. డ్రమ్ములో బలమైన స్ప్రింగులు షూలని (డ్రమ్ముకి లోపల ఆనుకునే ముక్కల్ని) వెనక్కి లాగుతాయి కాబట్టి ఆ పది పౌండ్లు వాటికి లెక్క కాదు. డిస్కుకి లాగే స్ప్రింగు లేదు, ప్యాడ్ అలాగే ఆనుకుని ఉండిపోతుంది. పది మైళ్లు పోయేసరికి రోటర్ కాలిపోతుంది. ఆ వాల్వు తీసెయ్యి, లేదా నాలుగు డిస్కుల బండికి చేసిన మాస్టర్ సిలిండర్ వెయ్యి.

డ్రమ్ములే_చాలు
చూశారా, ఒకటి మారిస్తే నాలుగు మార్చాల్సి వస్తోంది. ఇందుకే వద్దన్నాను.

ఆటోనగర్_బాబాయ్
మీ మాటలో న్యాయం ఉంది. బ్రేకంటే ఒక ముక్క కాదు, పెడల్ నుంచి ప్యాడ్ దాకా అంతా కలిపి ఒకటే పని. ఒకచోట చెయ్యి పెడితే చివరిదాకా చూడాలి. కుర్రాడు చూస్తున్నాడు, చెయ్యనిద్దాం.

తమ్ముడూ, మాస్టర్ సిలిండర్ కొత్తది వేస్తే బోరు (లోపలి వెడల్పు) కొలత చూసుకో. బోరు పెద్దదైతే పెడల్ పైనే ఆగుతుంది గానీ కాలికి బరువు, సన్నదైతే తేలిక గానీ లోతుగా దిగుతుంది. ఆయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ పొయ్యి. డాట్ 5 సిలికాన్, దాన్ని వీటితో కలపకూడదు. ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టు, లేకపోతే రంగు లేచిపోతుంది.

కాంటెస్సా_అక్క
వెనక లైనులో ప్రొపోర్షనింగ్ వాల్వు (వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టావా? వెనక చక్రాలు ముందు వాటికంటే ముందే లాక్ అయితే బండి తోక తిప్పేస్తుంది. మరతో తిప్పుకునే వాల్వు వెనక లైనులోనే వేసి, వెనక్కి ఒత్తిడి బాగా తక్కువ వెళ్లేలా పెట్టి మొదలుపెట్టు. ఖాళీ స్థలంలో గట్టిగా తొక్కి చూస్తూ కొంచెం కొంచెం పెంచు. ఎప్పుడూ ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి.

శ్రీకాకుళం_జీపు
డ్యాష్‌బోర్డులో బ్రేక్ లైటు వెలిగితే భయపడకు. నీ 68 బండిలో ముందు, వెనక లైన్లు వేరు. ఆయిల్‌ని ఆ లైన్లకు పంచే డిస్ట్రిబ్యూషన్ బ్లాకు లోపలి చిన్న పిస్టన్ గాలి తీసేటప్పుడు ఒక పక్కకు జరిగితే లైటు వెలుగుతుంది. మధ్యలోకి వచ్చాక ఆరిపోతుంది. ఆరకపోతే మాత్రం ఇంకా ఎక్కడైనా కారుతోందేమో చూడు.

పాతఇనుము
ఈ మార్పుకి ఇన్‌స్పెక్షన్‌లో అభ్యంతరం పెట్టరా? మన దగ్గర అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం వస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ముస్టాంగ్68_డల్లాస్
టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు. చూసేవాళ్లు ఎవరూ లేరు. అందుకే మీ అందరినీ ఇన్ని ప్రశ్నలడుగుతున్నాను.

గోదారి_గేర్‌బాక్స్
ఒక చిన్న విషయం ఎవరూ చెప్పలేదు. ఆ యాక్సిల్ మీద టీ జాయింటుని పట్టుకునే బోల్టు బోలుగా ఉంటుంది, యాక్సిల్ గాలి పీల్చుకునేది దాని ద్వారానే. అదే వెంట్. మామూలు బోల్టు పెట్టినా, మురికితో మూసుకుపోయినా, వేడికి లోపల ఒత్తిడి పెరిగి గేర్ ఆయిల్ సీళ్లలోంచి తోసుకుని నీ కొత్త రోటర్ల మీదకే వస్తుంది. అసలు బోల్టే ఉందా?

ముస్టాంగ్68_డల్లాస్
ఉంది అన్నా, కానీ మట్టితో పూడిపోయి ఉంది. సన్నటి తీగతో శుభ్రం చేశాను. మీరు చెప్పకపోతే చూసేవాణ్నే కాదు.

ఆటోనగర్_బాబాయ్
బాడీ నుంచి యాక్సిల్‌కి వచ్చే మధ్య హోస్ కూడా చూడు. బాడీని జాకీ మీద లేపి వెనక చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, అప్పుడు హోస్ బిగుసుకుపోయి లాగుతోందా అని చూడాలి. తర్వాత బండి దింపి, డిక్కీలో బరువు వేసి, సైలెన్సర్ పైపుకి గానీ స్ప్రింగుకి గానీ తగులుతోందా అని చూడాలి. నిలబెట్టిన బండిలో అన్నీ బాగానే కనిపిస్తాయి.

ముస్టాంగ్68_డల్లాస్
(వారం తర్వాత)
నాలుగు డిస్కులకి సరిపోయే మాస్టర్ సిలిండర్ వేశాను. వెనక చక్రాలు ఇప్పుడు ఒక వేలితో తోస్తే తిరుగుతున్నాయి. మధ్య హోస్ నిజంగానే పొట్టిదయింది, రెండు అంగుళాలు పొడవున్నది తెచ్చి మార్చాను. మా ఆవిడ పెడల్‌ని గట్టిగా తొక్కి రెండు నిమిషాలు పట్టుకుంటే, నేను కింద పడుకుని ప్రతి జాయింటునీ టిష్యూ పేపర్‌తో తుడిచి చూశాను. అన్నీ పొడిగా ఉన్నాయి. రాత్రంతా బండి కింద అట్టపెట్టెలు పరిచి పెట్టాను, ఒక్క చుక్క లేదు.

ఈ ఉదయం ఖాళీగా ఉన్న పార్కింగులో వాల్వు సర్దుకున్నాను. 30 మైళ్ల వేగం నుంచి గట్టిగా తొక్కితే ముందు చక్రాలు మొదట పట్టాయి, బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

వైజాగ్_ఉప్పుగాలి
ఇది చదువుతుంటే నాకే ఆనందంగా ఉంది. నీ పైపుల ఫొటోలు పెట్టు, వంపులు చూడాలి.

కాంటెస్సా_అక్క
హ్యాండ్‌బ్రేక్ పట్టుకుంటోందా? కాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేక్ ఉన్న రకమైతే లీవర్ చాలాసార్లు లాగి వదిలితే గానీ ప్యాడ్ దగ్గరికి రాదు. ఏటవాలు మీద ఆపి చూడు.

ముస్టాంగ్68_డల్లాస్
మా వీధి చివర ఎత్తు మీద ఆపి చూశాను అక్కా. ఐదు నిమిషాలు కదల్లేదు.

డ్రమ్ములే_చాలు
నేను మాత్రం డ్రమ్ముల మనిషినే. కానీ పని పూర్తిగా చేశావు, సంతోషం. ఆ పాత డ్రమ్ములు పారేయకు, జిడ్డు రాసి దాచిపెట్టు. రేపు ఎవరికైనా ఒరిజినల్ బండిగా ఇవ్వాలంటే కావాలి.

ముస్టాంగ్68_డల్లాస్
దాచాను అన్నా. బ్యాకింగ్ ప్లేట్లు, పాత పైపులతో సహా డబ్బాలో పెట్టి పేరు రాశాను.

ఆటోనగర్_బాబాయ్
ఒక వంద మైళ్లు ఒక్కడివే తిప్పు. తర్వాత ప్రతి నట్టూ మళ్లీ పొడి గుడ్డతో తుడిచి చూడు, ఆయిల్ మట్టం చూడు. నాన్నగారిని ఎక్కించుకునే ముందురోజు ఇంకోసారి చూడు. విమానం ఎప్పుడు?

ముస్టాంగ్68_డల్లాస్
పద్నాలుగో తేదీ సాయంత్రం బాబాయ్. పదమూడున మళ్లీ కిందకి దూరతాను.